కెర్నెల్ క్లీనప్ హెడర్: ఏడాది వాడాక నా మాట

రేణిగుంట రోడ్డులో మాది చిన్న ఆఫీసు. కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత చూసే బోర్డులకు లినక్స్ డ్రైవర్లు, అంటే హార్డ్‌వేర్‌ని నడిపించే కోడ్, రాస్తాం. నిరుడు తోతాపురి సీజన్లో చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మా బోర్డు బిగుసుకుపోయింది. సెన్సర్ వైరు వదులై ఐటూసీ (చిప్‌లు మాట్లాడుకునే తీగల దారి) రీడ్ ఫెయిలైంది, ఆ దారిలో మా కోడ్ మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరే వాడేలా వేసే లాక్) వదలకుండానే రిటర్న్ అయింది. తర్వాత వచ్చిన ప్రతి రీడూ ఆ లాక్ కోసం కాచుకుని కూర్చుంది. పదకొండు రిటర్న్‌లున్న ఫంక్షన్లో, లాక్ వదిలే చోటికి దూకించే గోటూ ఒక్కటి నేను మర్చిపోయాను.

ఆ వారమే క్లీనప్.హెచ్‌కి మారాం. లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లో, లాకులూ మెమరీ వాటంతటవే వదిలేలా చేసే హెడర్ ఫైలు అది. 2023లో 6.5 కెర్నెల్‌తో వచ్చింది, మా బోర్డులో ఉన్నది 6.6. గార్డ్ అని ఒక్క లైను రాస్తే చాలు, ఏ దారిన బయటపడినా అన్‌లాక్‌ని కంపైలరే పెడుతుంది. ఇదంతా జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో ఉన్న క్లీనప్ ఆట్రిబ్యూట్ (వేరియబుల్ పరిధి దాటగానే చెప్పిన ఫంక్షన్‌ని పిలిపించే గుర్తు) పని కాబట్టి, నడిచేటప్పుడు విడిగా లెక్కలు చూసుకునే కోడ్ ఏదీ ఉండదు.

నాకు బాగా నచ్చింది మాత్రం డిఫైన్_ఫ్రీ, అంటే మెమరీని అలాగే దానంతటదే ఎలా వదలాలో చెప్పే మాక్రో. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మా బఫర్ వదిలే ఫంక్షన్‌కి అది రాస్తూ నల్ చెక్ (పాయింటర్ ఖాళీనా అని చూడడం) తీసేసింది. "కేఫ్రీ ముందు నల్ చూడొద్దని చెక్‌ప్యాచ్ రోజూ అరుస్తుంది కదన్నా, ఇక్కడ మాత్రం ఎందుకు?" అంది. కేఫ్రీ మెమరీ వదిలే ఫంక్షన్, నల్ ఇచ్చినా దానికి ఇబ్బంది లేదు; చెక్‌ప్యాచ్ కోడ్ తీరు తనిఖీ చేసే స్క్రిప్ట్. కెర్నెల్ అలవాటు ప్రకారం ఆమె మాటే సరి. ఇద్దరం ఆబ్జ్‌డంప్ (కంపైలైన కోడ్ చూపించే టూల్) తీసి రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూశాం. అంతా సవ్యంగా జరిగి పాయింటర్‌ని బయటికి ఇచ్చేసే దారిలో ఆ వేరియబుల్ నల్ అవుతుంది. చెక్ ఉంటే కంపైలర్‌కి ఆ సంగతి కనిపించి మొత్తం కాల్‌నే ఎగరగొట్టింది. చెక్ లేనప్పుడు ఫ్రీ ఫంక్షన్ వేరే ఫైల్లో ఉంది కాబట్టి దాని లోపల ఏముందో తెలియక, నల్‌ని చేతబట్టుకుని ప్రతిసారీ అక్కడిదాకా వెళ్లొచ్చింది. హెడర్ కామెంట్లో ఈ కారణమే రాసిపెట్టారు. కోడ్ అంతటా ఒకే తీరు ఉండాలని పట్టుబట్టేవాణ్ణి నేను. అయినా ఇక్కడ ఆ తీరు తప్పడమే న్యాయం, పైగా ఎందుకు తప్పారో అక్కడే చెప్పారు.

ఒక చోట జాగ్రత్త. గార్డ్ అలవాటైతే ఫంక్షన్ మొదట్లోనే పెట్టేస్తాం, లాక్ చివరిదాకా చేతిలోనే ఉండిపోతుంది. మా సిస్‌ఎఫ్‌ఎస్ (కెర్నెల్ విలువల్ని ఫైళ్లలా చూపేది) షో ఫంక్షన్లో అంకెను అక్షరాలుగా మార్చే పని కూడా లాక్ కిందే జరిగేది. లాక్‌ని ఒక చిన్న బ్లాక్‌కే పరిమితం చేసే స్కోప్డ్_గార్డ్ పెట్టి, విలువను కాపీ చేసుకున్నాక లాక్ వదిలేసేలా మార్చాం. అదే స్పిన్‌లాక్ (నిద్రపోకుండా తిరుగుతూ కాచుకునే లాక్) అయ్యుంటే, లోపల నిద్రపోయే కాల్ ఒక్కటి పడినా బోర్డు బిగుసుకుపోయే ప్రమాదం ఉండేది.

ఒకే ఫంక్షన్లో గోటూనూ ఈ క్లీనప్ పద్ధతినీ కలపొద్దని కెర్నెల్ డాక్యుమెంటేషన్ చెబుతుంది. అది తప్పకుండా పాటించండి. మారిస్తే ఫంక్షన్ మొత్తం మార్చండి, లేదంటే ముట్టుకోకండి.

కొత్త డ్రైవర్ మొదలుపెట్టేవాళ్లు కళ్లుమూసుకుని తీసుకోవచ్చు. మా ఇంటరప్ట్ హ్యాండ్లర్ (హార్డ్‌వేర్ పిలిస్తే వెంటనే నడిచే ఫంక్షన్) మాత్రం ఇంకా పాత పద్ధతిలోనే ఉంది. అందులో లాక్ పట్టేది మూడు లైన్ల కోసం, బయటికి దారి ఒక్కటే. దాన్ని నేను కదిలించను.