ఆంకీడ్రాయిడ్: అప్‌డేట్లు దాటి మన కార్డులు నిలుస్తాయా?

ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు ఉండే కార్డులతో చదివించే ఫోన్ యాప్ ఆంకీడ్రాయిడ్. దాన్ని మెచ్చుకునేవారు సాధారణంగా దాని పునశ్చరణ పద్ధతిని చూసి మెచ్చుకుంటారు. సరైన రోజున సరైన కార్డును ముందుకు తేవడంలో దానికి వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఈ సమీక్షలో నేను చూడదలచింది మరొకటి. గ్రూప్స్‌కో నీట్‌కో చదువుతూ తయారుచేసుకున్న వేలాది కార్డులు, వాటికి జోడించిన పటాలు, ఆడియో ముక్కలు, యాప్‌కు కొత్త వెర్షన్ వచ్చినా, ఆండ్రాయిడ్ మారినా, ఫోనే మారినా చెక్కుచెదరకుండా ఉంటాయా అన్నది ఆ ప్రశ్న. కార్డులు పోతే కష్టపడి మళ్లీ రాసుకోవచ్చు గాని, ఏ కార్డును ఎన్నిసార్లు మరిచిపోయామో, దాన్ని మళ్లీ ఎప్పుడు చూడాలో చెప్పే లెక్క పోతే దాన్ని తిరిగి కట్టడం ఎవరి తరమూ కాదు.

డేమియన్ ఎల్మ్స్ 2006లో కంప్యూటర్ కోసం విడుదల చేసిన ఆంకీకి ఇది ఆండ్రాయిడ్ రూపం; స్వచ్ఛందంగా పనిచేసే బృందం దీన్ని ఉచితంగా, ప్రకటనలు లేకుండా అందిస్తోంది. కార్డులూ పునశ్చరణ చరిత్రా ఒకే డేటాబేస్ ఫైల్లో ఉంటాయి, బొమ్మలూ ధ్వనులూ దాని పక్కనే వేరొక ఫోల్డర్లో ఉంటాయి. ఈ అమరిక సరళంగా ఉండటం వల్ల మామూలు అప్‌డేట్ గురించి బెంగ అక్కర్లేదు. ప్లే స్టోర్ నుంచి వచ్చే కొత్త వెర్షన్ పాతదాని మీదే ఎక్కుతుంది, అవసరమైతే డేటాబేస్ నిర్మాణాన్ని తానే కొత్త పద్ధతికి మార్చుకుంటుంది. అయితే ఏ ఆండ్రాయిడ్ యాప్ అయినా పాతదాని మీద ఎక్కాలంటే రెండింటి డిజిటల్ సంతకమూ (యాప్‌ను ఎవరు తయారుచేశారో చెప్పే గుర్తు) ఒకటే కావాలి. సంతకం కలవకపోతే ఫోన్ ఇన్‌స్టాల్ చేయనివ్వదు, పాతదాన్ని తీసేస్తే తప్ప కొత్తది ఎక్కదు. అసలు ప్రమాదం ఆ తీసేయడంలోనే ఉంది.

ఒకప్పుడు ఈ ప్రమాదమే లేదు. కార్డులన్నీ ఫోన్ ఉమ్మడి స్టోరేజీలో, యాప్ పేరుతోనే ఉన్న ఫోల్డర్లో ఉండేవి కాబట్టి, యాప్‌ను తీసేసినా ఆ ఫోల్డర్ అలాగే ఉండేది, మళ్లీ ఇన్‌స్టాల్ చేయగానే చదువు ఆగినచోటి నుంచే మొదలయ్యేది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో గూగుల్ స్టోరేజీ నియమాలను బిగించడం మొదలుపెట్టింది. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి కొత్త యాప్‌లు వాటిని తప్పించుకోలేని పరిస్థితి వచ్చింది. ప్రతి యాప్ తన ఫైళ్లను తనకు కేటాయించిన గదిలోనే ఉంచుకోవాలి, యాప్ పోతే ఆ గది కూడా ఖాళీ అవుతుంది. పాత ఫోల్డర్‌ను వాడుతున్నవారికి యాప్‌ను తీసేయకుండా అప్‌డేట్ మాత్రమే చేసుకుంటున్నంత కాలం మినహాయింపు దొరికింది గాని, యాప్‌ను ఒకసారి తీసేసి మళ్లీ పెట్టుకుంటే ఆ మినహాయింపు రద్దవుతుంది: ఫోల్డర్ కంటికి కనిపిస్తూనే ఉంటుంది, ప్లే స్టోర్ వెర్షన్ మాత్రం దాన్ని తెరవలేదు. అలా చిక్కుకున్నవారు ప్లే స్టోర్ బయట లభించే, స్టోరేజీ మొత్తానికి అనుమతి అడిగే వెర్షన్‌ను వాడి తమ కార్డులను బయటికి తెచ్చుకునే దారిని నిర్మాతలే చూపించారు. తమ చేతిలో లేని నియమం తెచ్చిన ఇబ్బందికి వారు ఇంత శ్రద్ధగా దారి వెదకడం మెచ్చుకోదగినది.

నా అసలు ఫిర్యాదు ఆటోమేటిక్ బ్యాకప్‌ల గురించి. రోజువారీ, వారంవారీ, నెలవారీ ప్రతులు ఎన్ని ఉంచాలో సెట్టింగ్స్‌లో నిర్ణయించుకునే వీలుంది, డేటాబేస్ పాడైతే అవి నిజంగానే ఆదుకుంటాయి. కాని అవి ఉండేది కార్డులున్న అదే ఫోల్డర్లో! ఇంటి రెండో తాళంచెవిని ఆ ఇంట్లోని బీరువాలోనే దాచుకున్నట్టు, కొత్త ఇన్‌స్టలేషన్లలో యాప్‌తోపాటే బ్యాకప్‌లూ మాయమవుతాయి. పైగా వాటిలో బొమ్మలు, ధ్వనులు చేరవు. ఆండ్రాయిడ్ 11 తర్వాత ఆ ఫోల్డర్‌ను మామూలు ఫైల్ మేనేజర్ తెరవనివ్వదు కాబట్టి ప్రతులను మనమే వేరేచోట కాపీ చేసుకోవడమూ అంత తేలిక కాదు. ఇక ఆండ్రాయిడ్ సొంత బ్యాకప్ ఒక్కో యాప్‌కు ఇచ్చేది 25 ఎంబీలు మాత్రమే, ఆడియో ఉన్న ఒక్క డెక్‌కే (ఒక విషయానికి చెందిన కార్డుల కట్టకే) ఆ చోటు చాలదు.

అందువల్ల నమ్మదగిన మార్గాలు రెండే. మొదటిది ఉచితంగా లభించే ఆంకీవెబ్ ఖాతాతో సింక్ చేయడం, అంటే కార్డుల ప్రతిని ఇంటర్నెట్‌లోని ఆంకీ సర్వర్లో కూడా ఉంచడం. కొత్త ఫోన్లో ఖాళీ యాప్‌ను తెరిచి లాగిన్ అయితే కార్డులు, చరిత్ర, మీడియా అన్నీ దిగివస్తాయి. అప్పటికే రెండువైపులా పొంతన లేని కార్డులుంటే మాత్రం ఏ వైపువి ఉంచాలని యాప్ అడుగుతుంది, ఎంచుకోని వైపువి చెరిగిపోతాయి. ఇంతటి నిర్ణయాన్ని ఒక చిన్న పెట్టెలో అడిగే బదులు, ఏ వైపు ఎన్ని కార్డులున్నాయో, చివరి పునశ్చరణ ఏ తేదీన జరిగిందో పక్కపక్కన చూపిస్తే ఎంతో మేలు.

రెండవది ఎగుమతి. మెనూలో ఎగుమతిని ఎంచుకుని, మొత్తం కలెక్షన్‌ను, అంటే అన్ని డెక్‌లనూ, మీడియాతో సహా ఒకే ఫైలుగా మార్చి, గూగుల్ డ్రైవ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో దాచుకోవచ్చు. ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసేముందు, యాప్‌ను తీసేసేముందు ఈ పని తప్పనిసరి. విడి డెక్‌ను ఎగుమతి చేసేటప్పుడు షెడ్యూలింగ్ సమాచారాన్ని (ఏ కార్డు ఎప్పుడు రావాలో చెప్పే లెక్కను) చేర్చే గడిని టిక్ చేయకపోతే, తిరిగి తెచ్చుకున్నప్పుడు ఏళ్లనాటి కార్డులన్నీ నిన్న రాసినవాటిలా కొత్తగా కనిపిస్తాయి. స్నేహితులకు పంచేటప్పుడు అదే కావాలి, మనం దాచుకునే ప్రతికి అది పనికిరాదు. మొత్తం కలెక్షన్ ఫైలును దిగుమతి చేస్తే అది ఫోన్లో ఉన్న కార్డులతో కలవదు, వాటి స్థానాన్నే ఆక్రమిస్తుంది. కాబట్టి ఆ ఫోన్లో అప్పటికే కొత్త కార్డులు రాసుకుని ఉంటే, ముందు వాటిని విడి డెక్‌గా ఎగుమతి చేసి పక్కన పెట్టుకున్నాకే పాత ఫైలును తెరవాలి.