లాక్ గ్రంథం సంక్షిప్త ముద్రణ: సరుకు మంచిదే, కత్తిరింపే సరిగా లేదు

జ్ఞానం పుట్టుకతో రాదని వాదిస్తూ ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ 1689 చివర్లో వెలువరించిన ‘యాన్ ఎస్సే కన్సర్నింగ్ హ్యూమన్ అండర్‌స్టాండింగ్’ గ్రంథానికి ఒక సంక్షిప్త పేపర్‌బ్యాక్‌ను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. కాగితం పలచనే అయినా అచ్చు కళ్లకు శ్రమ కలిగించదు. మనసును అక్షరం లేని తెల్ల కాగితంగా భావించి, దానిపై రాసేది అనుభవమేనని చెప్పే రెండో భాగాన్ని దాదాపు యథాతథంగా ఉంచారు. ఆ అనుభవంలో ఇంద్రియాలతో పాటు మనసు తన పనిని తానే గమనించుకోవడం కూడా ఉందన్న ముఖ్యమైన మాటను మాత్రం ముందుమాట రాసినవారు పట్టించుకోలేదు.

1694 నాటి రెండో కూర్పులో చేరిన, లాక్ మిత్రుడు మోలినో వేసిన ప్రశ్న ఇందులో ఉండటం సంతోషం. పుట్టుకతో చూపు లేక, ఘనాన్నీ గోళాన్నీ తడిమి మాత్రమే గుర్తుపట్టే మనిషికి చూపు వస్తే, ముట్టుకోకుండా ఏది ఏదో చెప్పగలడా? చెప్పలేడన్నదే మోలినో జవాబు. లాక్ దానితో ఏకీభవించాడు. ఈ రెండు పేజీల కోసమైనా పుస్తకం కొనవచ్చు.

పుట్టుకతో వచ్చే జ్ఞానం ఉందన్న మాటకు అసలు ఖండన ఉన్న మొదటి భాగాన్ని మాత్రం అన్యాయంగా కుదించారు. అందరూ అంగీకరించే సూత్రాలు సహజాతమైతే, అంటే పుట్టుకతోనే మనసులో ఉంటే, పసిపిల్లలకు అవి ఎందుకు తెలియవన్న వాదం సగంలోనే ఆగిపోతుంది. మనసు తెల్ల కాగితం కాదు, ఏ రూపం వెలువడాలో ముందే సూచించే ఈనెలున్న పాలరాయి వంటిదన్న జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్ ప్రతివాదనకు అధోజ్ఞాపికలో (ఫుట్‌నోట్‌లో) నైనా చోటివ్వలేదు. పరీక్షకు చదివేవారు పూర్తి ముద్రణే కొనుక్కోవడం మేలు.