పొగమంచు చెట్లకు ఆర్చెస్ పేపర్ కొనొచ్చా?

వాటర్ కలర్‌లో మంచు వేయాలంటే పేపర్ మీద తడి కాసేపు నిలవాలి. ఆర్చెస్ 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కోల్డ్ ప్రెస్, అంటే కాస్త గరుకు ఉపరితలం ఉన్న పేపర్, అక్కడే తన విలువ చూపిస్తుంది. ఆర్చెస్ అనేది ఫ్రాన్స్‌లోని వోజ్ ప్రాంతంలో 1492 నాటి మిల్లు పేరు. నూరు శాతం కాటన్, పైనా లోపలా జెలటిన్ సైజింగ్ (నీరు వెంటనే పీల్చుకోకుండా పట్టించే పదార్థం). అందుకే రంగు గబుక్కున ఇంకిపోదు, షీటంతా దాదాపు ఒకేలా ఆరుతుంది. మామూలు చౌక పేపర్ మీద మధ్యలో తడి ఉండగానే అంచులు ఆరిపోతాయి, రెండో పూత వేస్తే కింది రంగు లేచి బురదగా మారుతుంది.

అరకు కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ చెట్లనే తీసుకోండి. షీటు రెండు వైపులా బాగా తడిపి అక్రిలిక్ పలక మీద పరవండి. అద్దంలా మెరుస్తున్నప్పుడు ఏమీ వేయకండి, వేస్తే రంగు ఎటో కొట్టుకుపోతుంది. మెరుపు కాస్త తగ్గాక అల్ట్రామెరైన్ నీలంలో చిటికెడు బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపి, పల్చటి మజ్జిగలా చేసి, వెనక వరస చెట్లను పెట్టండి. అంచులు వాటంతటవే కరిగిపోతాయి. మెరుపు దాదాపు పోయాక, చేతి వెనుక భాగంతో తాకితే ఇంకా చల్లగా తగులుతున్నప్పుడు, సియెన్నా పెంచి పెరుగంత చిక్కగా రెండో వరస వేయండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పేపర్ కన్నా బ్రష్‌లో నీళ్లు ఎక్కువుంటే ఆ నీరు రంగును వెనక్కి తోసి కాలీఫ్లవర్ పువ్వులా వంకర అంచుల మచ్చ తెస్తుంది. రంగు ఎత్తుకున్నాక బ్రష్ మొదలును ఒకసారి గుడ్డకు అద్దితే చాలు.

ముందు వరసలోని చెట్టు మాత్రం పేపర్ పూర్తిగా ఆరాకే వేయాలి. కాండం మీద మిరియాల తీగ గీతలు పదునుగా దిగుతాయి, కింది రంగు కదలదు. కాండం మొదలును తడి బ్రష్‌తో కిందికి లాగి కరిగించేయండి. మంచు నేలను పట్టుకున్నట్టు కనిపించేది ఆ చోటే. ఆరాక రంగు బాగా వెలుస్తుంది కాబట్టి తడిలో కాస్త ముదురుగానే వేసుకోవాలి.

మంచు కోసమైతే బ్లాకు (షీట్లను అంచుల వెంట అతికించిన కట్ట) వద్దు, విడి షీట్లు కొనండి. బ్లాకులో వెనక వైపు తడపడం కుదరదు. మన ఎండాకాలంలో ఒక వైపు తడి చాలదు, ఫ్యాన్ కూడా కట్టేయాల్సిందే. 22×30 అంగుళాల షీటును ఎనిమిది ముక్కలు చేస్తే 11×7.5 వస్తుంది, ఈ బొమ్మకు అది చక్కటి కొలత.

లోపాలూ ఉన్నాయి. ఖరీదు ఎక్కువ. తడిపితే జెలటిన్ వాసన వస్తుంది. జెలటిన్ జంతువుల నుంచి వచ్చేదే, అది ఇష్టం లేనివారు జంతు పదార్థం లేని సైజింగ్ ఉన్న కాటన్ పేపర్ చూసుకోవడం మంచిది. కోస్తా తేమలో విప్పి వదిలేస్తే సైజింగ్ చెడి, రంగు అద్దుడు కాగితంలో ఇంకినట్టు చుక్కలు చుక్కలుగా దిగుతుంది. మిగిలిన ముక్కల్ని సిలికా జెల్ పొట్లంతో పాటు ప్లాస్టిక్ కవర్‌లో గాలి చొరకుండా మూసి ఉంచండి.