ఆయిల్ లెన్స్ మైక్రోస్కోప్‌ల పాత స్పోర్ల గోడలు ఎంతవరకు కనపడ్తయి: ఏండ్లు వాడినంక నా రివ్యూ

నేను నల్గొండల డిగ్రీ పిల్లలకు బాటనీ చెప్త, అంబాలాల తయారైన ట్రైనాక్యులర్ (రెండు కండ్లకు తోడు కెమెరాకు గూడ గొట్టమున్న) మైక్రోస్కోప్ సొంతంగ కొనుక్కొని ఏండ్ల సంది వాడుతున్న, ఎక్కువగ ఫాసిల్ స్పోర్లు, అంటే పాతకాలం మొక్కలు విత్తనాల లెక్క విడిచి రాళ్లల్ల మిగిలిపోయిన సన్నటి కణాలు, చూడనీకే. మన దిక్కు గుట్టలన్నీ గ్రానైట్, వాటిల ఇవి దొరకయి, హుజూర్‌నగర్ దిక్కు సున్నపురాయి ఉన్నా అది నేల మీద మొక్కలు రాకముందుది. అందుకే నా స్లైడ్లన్నీ బయటియే, కొన్ని గోదావరి లోయ బొగ్గు షేల్ (బురద గట్టిపడ్డ రాయి)‌వి, కొన్ని రీసెర్చ్ చేసే దోస్తు ఇచ్చిన డెవోనియన్ కాలంవి (సుమారు 42 నుంచి 36 కోట్ల ఏండ్ల కిందటియి).

100ఎక్స్ లెన్స్, అంటే స్లైడ్ మీద నూనె బొట్టేసి చూసే ఆయిల్ లెన్స్, మస్తుగుంది. నాలుగు స్పోర్లు అతుక్కొని పెరిగినప్పుడు పడ్డ మూడు గీతల ట్రైలీట్ గుర్తు సాఫ్‌గ కనపడ్తది. గోడ మీదున్నది బొడిపెనా గుంతనా తేల్చాలంటే ఫైన్ ఫోకస్ మెల్లగ పైకెల్లి కిందికి దించాలె, పైన మెరిసి కిందికి పోతుంటె నల్లబడ్డదంటే బొడిపె, ఉల్టా అయితే గుంత. స్వీడన్ శాస్త్రవేత్త ఎర్డ్‌ట్‌మన్ చెప్పిన ఈ పద్ధతికి నాబ్ లూజు ఉండొద్దు, నా దాంట్ల ఇప్పటికీ జారలే.

గోడ లోపలి పొరలు మాత్రం కనపడయి, ఎంత ఖరీదుది కొన్నా అంతే, ఎందుకంటే మామూలు వెలుతురుల సుమారు 0.2 మైక్రాన్ కన్నా దగ్గరున్న రెండు గీతలు ఒక్కటే అయిపోతయి, ఈ పొరలు అంతకన్నా పల్చన. నాకైతే అసలు ముచ్చట ఆడనే ఉంది. స్పోర్లు దగ్గరదగ్గర 47 కోట్ల ఏండ్ల కిందటియి దొరికినయి, కుక్సోనియా (నేల మీది తొలి మొక్కలల్ల ఒకటి) లాంటి మొక్క ఫాసిల్ 43 కోట్ల ఏండ్ల దగ్గర గాని కనపడదు, ఆ నడుమ కాలంల ఏ మొక్కలుండెనో చెప్పనీకి స్పోర్ గోడే పెద్ద ఆధారం. 2003ల శాస్త్రవేత్త వెల్‌మన్ వాళ్లు ఒమన్ దేశంల దొరికిన ఆర్డోవిషియన్ కాలం (డెవోనియన్ కన్నా ముందుది) స్పోర్లను సన్నగ కోసి, వెలుతురుకు బదులు ఎలక్ట్రాన్లు వాడే ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌ల చూస్తే, గోడల ఉల్లిపొరల లెక్క పొరలు కనపడ్డయి, లివర్‌వర్ట్‌లకు (తడి జాగల నేలకు అంటుకొని పెరిగే చిన్న మొక్కలు) దగ్గరి చుట్టాలనిపించింది. రాయిని కరిగించే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌ల గూడ ఆ గోడ కరగదు, ఆ గోడల ఉండే స్పోరోపొలెనిన్ అనే పదార్థం అంత గట్టిది. ఆ యాసిడ్ పని మాత్రం ఇంట్ల చెయ్యకుర్రి, ప్రాణం మీదికొస్తది, తయారు స్లైడ్లే తెచ్చుకోర్రి.

ఎల్ఈడీ లైట్ నాకు నచ్చలే. స్పోర్ రంగు పసుపు నుంచి గోధుమకు, నలుపుకు మారుతుంటే రాయికి ఎంత వేడి తగిలిందో తెలుస్తది, ఈ నీలి వెలుగుల లేత పసుపు పట్టుకోవుడు కష్టం, ఫిల్టర్ పెట్టినంకనే నయమైంది. వానకాలం లెన్స్‌కు ఫంగస్ పడ్తది, డబ్బాల సిలికా జెల్ ఉంచాలె. కొనేటోళ్లు ప్లాన్ లెన్స్ (అంచుల దాకా సాఫ్‌గ చూపెట్టేది) ఉన్నదే అడుగుర్రి, మామూలు దాంట్ల ఫొటో తీస్తే అంచులు మసకయితయి.