వంద అప్లికేషన్లా, పది రిఫరల్సా: ఏది మేలు?

ఎస్.ఆర్.నగర్, అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి ఉద్యోగం వెతికే పిల్లలు సాయంత్రం కలిస్తే అడిగే మొదటి ప్రశ్న "ఈ రోజు ఎన్నిటికి అప్లై చేశావ్‌రా?" లెక్క ఎంత పెద్దదైతే అంత పని జరిగినట్టు. ఆ లెక్క మీద నాకు నమ్మకం లేదు.

నౌక్రీ లాంటి పోర్టళ్లకు ఒక గొప్ప సుగుణం ఉంది. మాదాపూర్‌లో ఒక్క మనిషీ తెలియకపోయినా, కరీంనగర్ నుంచో ఒంగోలు నుంచో నిన్న బస్సు దిగినా అప్లై చేయొచ్చు. కానీ రిక్రూటర్ వచ్చిన రెజ్యూమేలన్నీ చదవరు. ముందు అనుభవం, స్కిల్స్, ఊరు, నోటీస్ పీరియడ్ (రాజీనామా చేశాక పాత కంపెనీలో ఇంకా పనిచేయాల్సిన రోజులు) చూసి వడపోస్తారు. జావాలో వాడే స్ప్రింగ్ బూట్ మీకు బాగా వచ్చినా, ఆ మాట రెజ్యూమేలో లేకపోతే మీరు లిస్టులోనే ఉండరు. 90 రోజుల నోటీస్ ఉన్నవాళ్ల కన్నా వెంటనే చేరగలిగేవాళ్లకే ముందు ఫోన్ వస్తుంది. అందుకే ఒకే రెజ్యూమేని వంద చోట్లకు తోసేస్తే చాలావరకు వృథా.

రిఫరల్ అంటే ఆ కంపెనీలో పనిచేసేవాళ్లు మీ రెజ్యూమేని లోపలికి పంపి సిఫారసు చేయడం. అది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. అక్కర్లేదు. మీరు చేరితే రిఫర్ చేసినవాళ్లకు చాలా కంపెనీలు బోనస్ ఇస్తాయి. అడిగే తీరులోనే తేడా అంతా. "అన్నా, ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి" అంటే వెతికే పని ఆయన నెత్తిన పెట్టినట్టే. దాని బదులు ఇలా రాయండి: "అన్నా, నమస్తే. మన కాలేజీలో మీ జూనియర్‌ని. మీ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం పడింది, జాబ్ ఐడీ కింద ఇచ్చాను. సెలీనియం టెస్టింగ్ టూల్‌తో రెండు ప్రాజెక్టులు చేశాను. రెజ్యూమే జత చేశాను, కుదిరితే రిఫర్ చేయగలరా?" దీనికి ఆయన మెట్రోలో నిలబడే పని పూర్తి చేయగలరు.

నా ఓటు రిఫరల్‌కే. పోర్టల్‌కి పొద్దున అరగంట చాలు.

మూడో దారి, డబ్బు తీసుకుని దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టించే కన్సల్టెన్సీలు. వద్దు. మీ యూఏఎన్ (కంపెనీలు మారినా మారని పీఎఫ్ నంబరు) కింద ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో పీఎఫ్ రికార్డులో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే చేరిన ఉద్యోగం కూడా పోతుంది. అమ్మానాన్న అప్పు చేసి పంపిన డబ్బు అలా పోవడం తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఇక ఇంటర్వ్యూ. బట్టీ జవాబా, సొంత మాటలా? "మీ గురించి చెప్పండి" అనగానే ఒకరు పేరు, ఊరు, నాన్నగారి ఉద్యోగం, హాబీలు అప్పజెప్పి "నేను హార్డ్ వర్కర్‌ని" అని ముగిస్తారు. ఇంకొకరు "లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టులో డేటాబేస్ భాగం నాది. ఒకే పుస్తకం ఇద్దరికి ఇష్యూ అయిపోతుంటే ట్రాన్సాక్షన్ పెట్టి సరిచేశాను" అంటారు. ఈ రెండో జవాబులో, అవతలివాళ్లు అడగబోయే తర్వాతి ప్రశ్నను మీరే ఎంచి ఇచ్చారు. అదీ మీకు తెలిసిన విషయం మీద. టెన్షన్ సగం అక్కడే దిగిపోతుంది. ఇంగ్లిష్‌లో తడబడినా ఫర్వాలేదు, పని చేసినవాడి మాట తెలిసిపోతుంది. బట్టీ పట్టి తీరాల్సినవి మీ ప్రాజెక్టు వివరాలే.

"మీ బలహీనత ఏమిటి?" అంటే "పర్ఫెక్షనిస్ట్‌ని" అనకండి, విని విని వాళ్లకు విసుగొచ్చేసింది. నిజంగా ఉన్న చిన్న లోపం, దానికి చేస్తున్న ప్రయత్నం చెబితే సరిపోతుంది.

జీతం ప్రశ్నకు మాత్రం ఫ్రెషర్లకీ అనుభవజ్ఞులకీ జవాబు ఒకటి కాదు. ఫ్రెషర్ అయితే "కంపెనీ ప్రకారం ఇవ్వండి" అన్నా నష్టం లేదు, చాలాచోట్ల ప్యాకేజీ ముందే ఖాయమై ఉంటుంది. రెండు మూడేళ్ల అనుభవం ఉంటే అంకె చెప్పండి. సీటీసీలో, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చులో, కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే కూడా కలిసే ఉంటాయి కాబట్టి నెలకు చేతికి ఎంతొస్తుందో అడగండి. జీతం విడివిడి లెక్క మెయిల్‌లో వచ్చి, ఆఫర్ లెటర్ చేతికి అందాకే పాత కంపెనీలో రాజీనామా పెట్టండి.