తంగూసా, బ్రెయిడా: పండుగప్పకు ఏ దారం?

కోరంగి మడ అడవుల పాయల్లో పండుగప్ప కోసం గాలం వేసేవారికి నా ఓటు సన్నటి పోగులు అల్లి చేసే బ్రెయిడ్‌కే. అంతే బలమున్న తంగూసు (ఒంటి పోగు నైలాన్ దారం) కన్నా ఇది చాలా సన్నం, అందుకే తేలికపాటి ఎర కూడా దూరం పోతుంది. పైగా దాదాపు సాగదు. చేప ఎరను అలా తాకినా చేతికి తెలుస్తుంది. గాలం దిగగానే పండుగప్ప మడ వేళ్లలోకి దూసుకుపోతుంది, సాగే దారంతో దాన్ని ఆపడం కష్టం.

అయితే బ్రెయిడ్‌ను నేరుగా గాలానికి కట్టొద్దు. ఆల్చిప్పలకో రాళ్లకో రాసుకుంటే ఇట్టే తెగుతుంది, పండుగప్ప మొప్పల అంచులు కూడా మహా పదును. కొసన మూడు నాలుగు అడుగుల మందపాటి తంగూసు ముక్క (లీడర్) ఉండాల్సిందే. దారం చుట్టే ఖాళీ స్పూల్ మీద బ్రెయిడ్ జారుతుంది కాబట్టి అడుగున కొన్ని చుట్లు తంగూసు వేయాలి.

తంగూసు చవక, ముడి వేయడం తేలిక. ఎండకు త్వరగా పాడవుతుంది, మారుస్తుండాలి. చేప ఎగిరి తల విదిలించినప్పుడు మాత్రం ఆ సాగే గుణమే గాలం ఊడకుండా కాపాడుతుంది. బ్రెయిడ్ వాడితే అప్పుడు రీలు డ్రాగ్ (చేప లాగితే దారం వదిలే బిగువు) కాస్త వదులుగా ఉండాలి. విశాఖ రాళ్ల మీద నుంచి రొయ్య గుచ్చి అడుగున వేసేవారికి తంగూసే మేలు. రాడ్ లేకుండా చేత్తో గాలం వేసేవారికీ అంతే, పెద్ద చేప లాగితే బ్రెయిడ్ వేళ్లు కోసేస్తుంది.