డుబ్రోవ్నిక్: మెట్లూ వేళా చూసుకుని వెళ్లాల్సిన ఊరు

క్రొయేషియా దక్షిణ కొసన ఉన్న డుబ్రోవ్నిక్ కోట ఊరు చిన్నది. ప్రాకారం 1,940 మీటర్లు, నడిబజారు స్త్రాదున్ 300 మీటర్లకు అటూ ఇటూ. అంత చిన్న ఊళ్లో డబ్బూ మోకాళ్లూ ఒకేసారి అరిగేది రెండు తప్పుల వల్ల: మెట్లు అడక్కుండా గది తీసుకోవడం, ఎండ ముదిరాక గోడ ఎక్కడం.

వాటికంటే ముందు వీసా. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమిలో చేరింది, అదే రోజు యూరోకీ మారింది. మన పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా చాలు. చిక్కంతా సింగిల్ ఎంట్రీతోనే, అంటే ఒక్కసారే లోపలికి రానిచ్చే వీసాతో. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల వీసా మీద ఈ మాట తప్పక చూడండి. ఇక్కడినుంచి ఒక్కరోజులో వెళ్లి రావచ్చని అమ్మే కొతోర్ మాంటెనెగ్రోలో ఉంది, మోస్తార్ బోస్నియాలో ఉంది. రెండూ షెంగెన్ బయటే. సరిహద్దు గీత దాటితే సింగిల్ ఎంట్రీ వీసా అక్కడితో సరి: పెట్టె హోటల్లో, మనిషి సరిహద్దు అవతల. క్రొయేషియాలోనే ఉన్న స్ప్లిట్ నగరం నుంచి రోడ్డున వచ్చేవాళ్లు కూడా బస్సు ఏ దారిన పోతుందో అడిగి టికెట్ కొనాలి. 2022 జూలైలో పెల్యెషాత్స్ వంతెన తెరిచారు కాబట్టి బోస్నియాలోని నెయుమ్ తగలకుండా రావచ్చు. పాత దారిలో వెళ్లే బస్సులు మాత్రం నెయుమ్ మీదుగానే పోతాయి. రైలు ఆశ పెట్టుకోవద్దు, ఈ ఊరికి రైలు లేదు.

విమానాశ్రయం సుమారు 20 కిలోమీటర్లు. షటిల్ బస్సు కోట పడమటి ద్వారమైన పీలే దగ్గర దింపి, గ్రూజ్ రేవు పక్కనున్న బస్టాండుకు వెళ్తుంది. తిరుగు బస్సు పీలే దగ్గర ఆగదు, కేబుల్ కార్ కింది స్టేషన్ దగ్గర ఎక్కాలి. తెల్లవారుజామున పెట్టెలతో పీలే దగ్గర నిలబడితే బస్సు తప్పినట్టే.

గది విషయానికొస్తే, కోట లోపలికి కారు రాదు. స్త్రాదున్ చదునుగా ఉంటుంది గానీ, దానికి ఉత్తరాన ఉన్న సందులన్నీ నిచ్చెనల్లా పైకి పోతాయి. ఫొటోల్లో కిటికీ బాగా కనిపిస్తుంది, దాని కింది ఎనభై మెట్లు కనిపించవు. ‘స్త్రాదున్ నుంచి గుమ్మం దాకా ఎన్ని మెట్లు?’ అని రాసి అడగండి. అంకె చెప్పకుండా దాటవేస్తే ఆ గది వదిలేయండి. చక్రాల పెట్టె కంటే భుజాన వేసుకునే సంచి మేలు, రాతి బాట మీద చక్రాల మోత ఊరివాళ్లకీ చిరాకే. పెద్దవాళ్లు వెంట ఉంటే కోట బయటి లాపాద్ పేట సరైన చోటు: బీచ్, చదును దారి, 6వ నంబరు బస్సులో నేరుగా పీలే. గ్రూజ్‌లో ఉంటే స్ప్లిట్ బస్సులకూ దీవుల పడవలకూ దగ్గర, పొద్దున్నే కూరగాయల బజారు కూడా ఉంది. కోట లోపల ఉంటే దక్కేది రాత్రి, ఓడల జనం వెళ్లిపోయాక ఖాళీ అయిన స్త్రాదున్. దానికోసం ఒక్క రాత్రి చాలు, మూడు రాత్రులు అంత ధర పెట్టక్కర్లేదు.

గోడ మీద నడక ఎప్పుడూ అపసవ్య దిశలోనే, వెనక్కి రానివ్వరు. బయటికొస్తే అదే టికెట్‌తో మళ్లీ ఎక్కలేరు. ఎక్కువమంది పీలే దగ్గర ఎక్కుతారు. అక్కడ మొదలుపెడితే అన్నిటికంటే ఎత్తైన మించెత బురుజు చివర్లో, కాళ్లు అలిసిపోయాక వస్తుంది. తూర్పున ప్లోచె వైపు ఎక్కితే ఆ ఎక్కుడు మొదట్లోనే అయిపోతుంది, వరస కూడా చిన్నది. వేసవిలో ఎనిమిదింటికి తెరుస్తారు, ఆ వేళకే అక్కడ ఉండాలి. గోల్కొండ ఎక్కినవాళ్లకు ఇక్కడి ఎత్తు పెద్ద లెక్క కాదు, లేనిదల్లా నీడ. పీలే లోపలున్న ఒనోఫ్రియో ఫౌంటెన్ నీళ్లు తాగొచ్చు, అక్కడే సీసా నింపుకోండి. పైన సీసా కొంటే ధర మండిపోతుంది. గోడ చుట్టూ నడవడానికి రెండు గంటలు పడుతుంది. కింద కొత్త ఎర్ర పెంకులూ వెలిసిన పాత పెంకులూ కలిసి కనిపించే కప్పులు 1991-92లో యుగోస్లావ్ సైన్యం చేసిన ముట్టడిలో ఏం కూలిందో చూపిస్తాయి.

2025 వేసవిలో గోడ టికెట్ 40 యూరోలు, ‘డుబ్రోవ్నిక్ పాస్’ అనే ఒకరోజు పాసూ అంతే. పాసులో గోడతో పాటు మ్యూజియంలూ సిటీ బస్సులూ కలిసి వస్తాయి కాబట్టి ఉత్త టికెట్ కొనడం దండగ. గోడ టికెట్‌తో లోవ్రియెనాత్స్ కోట కూడా చూడొచ్చు, చాలామంది దాన్ని మరిచిపోతారు. సర్జ్ కొండ కేబుల్ కార్, లోక్రుమ్ దీవి పడవ మాత్రం పాసులో రావు.

శాకాహారులకు జున్ను పెట్టిన పొరల రొట్టె బురెక్, ఆకుకూర బంగాళదుంపల బ్లిత్వా, పిజ్జా దొరుకుతాయి. నల్లగా ఉండే రిసొట్టో మష్రూమ్‌ది కాదు, ఆ నలుపు సముద్రజీవి సిరా. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, బియ్యం పెరుగు శనివారమే కొనుక్కోండి. ఏటీఎం ‘రూపాయల్లో లెక్క కట్టమంటారా’ అని అడిగితే వద్దని యూరోలే నొక్కాలి, లేదంటే వాళ్ల మారకం రేటు పడుతుంది.

మూడో రోజు మిగిలితే కొతోర్ బదులు క్రొయేషియాలోనే ఉన్న స్తోన్ ఊరు మేలు. వీసా గొడవ లేదు, ప్రాకారం 5.5 కిలోమీటర్లు, కింద ఉప్పు మడులు, జనం తక్కువ. బస్సులూ తక్కువే, దిగగానే తిరుగు బస్సు టైము ఫొటో తీసుకుని అప్పుడు గోడ ఎక్కండి.